చెల్లె తినే టిఫిన్ సంగతి

హన్మకొండ

అరేయ్ శ్రీనూ,

"బతుకమ్మకు రావాలనే ఉందిరా, కానీ ఈమె అక్కడ ఏం తింటది?" అని మొన్న ఫోన్‌లో అన్నావు కదా, ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం. నీ భార్య నాకు చెల్లె లెక్కే కదా, ఆమెకేమో సీలియాక్ జబ్బు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కొంచెం తగిలినా పేగు దెబ్బతింటుంది. ఫోన్‌లో చెప్తే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తావు. కాగితం మీద ఉంటే చెల్లెయినా చదువుకుంటుంది.

మా వీధి చివర చిరుధాన్యాల టిఫిన్ హోటల్ ఒకటి పెట్టారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించినప్పటి నుంచి ఊళ్లో ఇట్లాంటివి బాగానే వచ్చాయిలే. దీనికి బోర్డు మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని పచ్చరంగుతో ఇంత లావు అక్షరాలు. ప్యాకెట్ మీద ఆ మాట వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రూలు. బోర్డు రాసే పెయింటరును ఎవరడుగుతారు? అందుకే నేను టేబుల్ దగ్గర కూర్చోకుండా పెనం దగ్గరే నిలబడి తిన్నాను.

కొర్రల ఉప్మా బాగుంది, క్యారెట్, బీన్స్ వేసి పొడిపొడిగా చేశాడు. బొంబాయి రవ్వ గోధుమదే కాబట్టి ఆ ఉప్మా చెల్లెకు విషమే గానీ, కొర్రల్లో గ్లూటెన్ ఉండదు, ఇది తినొచ్చు. రాగి ఇడ్లీ నాకు నచ్చలేదు, నోట్లో బంకలా అంటుకుంటుంది. అయినా మామూలు ఇడ్లీ ఉండగా ఆ బాధ ఎందుకురా? మినప్పప్పు, బియ్యపు రవ్వ, అందులో గోధుమ ఏముంది? ఇడ్లీతో భయం లేదు, భయమంతా సాంబారుతోనే. ఇంగువ డబ్బా తిప్పి చదువు, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. అసలు ఇంగువ ఘాటు తగ్గించడానికి కలుపుతారట. పల్లి చట్నీ పోపులో ఇంగువ వేయలేదని వంటాయన దగ్గర అడిగి తెలుసుకున్నాను. కాబట్టి చెల్లెకు ఇడ్లీ, పల్లి చట్నీ ఖాయం.

దోసె దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. పెసరట్టు పిండి శుభ్రంగానే ఉంది. కానీ నా కళ్ల ముందే అదే పెనం మీద రవ్వదోసె పోశాడు, అందులో బొంబాయి రవ్వ, మైదా రెండూ ఉంటాయి. ఇన్ని నీళ్లు చిలకరించి, చీపురుతో ఒక్క ఊడ్పు ఊడ్చి, మళ్లీ పెసరట్టు. అట్లకాడ కూడా అదే. గారెలదీ అదే కథ, పూరీలు తీసిన నూనెలోనే వేస్తున్నాడు. వేరే పెనం పెట్టమంటే "పొద్దున్నే ఏడింటి లోపల రండి సార్, మొదటి అట్టు మీకే పోస్తా" అన్నాడు. పాపం, మంచి మనిషే. కానీ రాత్రి ఆ పెనం ఎట్లా కడుగుతారో మనం చూశామా?

ఇక జొన్నరొట్టె. లోపల ఒక అక్క చేస్తోంది. ఇదివరకు ఇంకో చోట అడిగితే "మెత్తగా రావాలని కొంచెం గోధుమపిండి కలుపుతం సార్" అని ఎంతో గొప్పగా చెప్పారు, అందుకే ఈమెను కూడా అడిగాను. నవ్వింది. "మసిలే నీళ్లుంటే గోధుమతో ఏం పని సార్?" అంది. పిండి సాగేది గ్లూటెన్ వల్లనే కదా, అది జొన్నల్లో ఉండదు. కర్రతో ఒత్తబోతే అంచులు పగిలిపోతాయి. ఈమె మరిగే నీళ్లు పోసి, అరచేత్తో పిసికి పిసికి, పీట మీద పొడిపిండి చల్లి టపటపా కొడుతూ తిప్పుతుంటే రొట్టె దానంతటదే వెడల్పవుతోంది. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాసింది, అంతే, పూరీలా పొంగింది. రొట్టెల పెనం విడిగా ఉంది, దాని మీద చపాతీ చేయరట. వెల్లుల్లి కారంతో రెండు లాగించాను. చెల్లెను తీసుకెళ్లేది ఆ అక్క దగ్గరికే.

ఇంకో మాట, ఇది తేలిగ్గా తీసుకోకు. సీలియాక్ ఉన్నవాళ్ల తోడబుట్టినవాళ్లకు, పిల్లలకు దాదాపు పది మందిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది. మన పాపకు కూడా రక్తపరీక్ష చేయించు. అయితే పరీక్ష అయ్యేదాకా దానికి చపాతీలు మాన్పించకు. గోధుమ మానేశాక చేస్తే ఉన్న జబ్బు కూడా పరీక్షలో కనపడకపోవచ్చు. మీ అమ్మ ముందుజాగ్రత్తగా ఇప్పటికే మాన్పించి ఉంటుంది, నాకు తెలుసు. డాక్టరుతో ఆ సంగతి దాచకుండా చెప్పు.

ఎంగిలిపూల నాటికి వచ్చేయండి, వేయిస్తంభాల గుడి దగ్గర ఆడిపించి తీసుకొద్దాం. సద్దుల రోజు మలీద ముద్దలు ఈసారి సజ్జరొట్టెతో చేస్తానని మీ వదిన అంటోంది. సర్వపిండికి దిగులే లేదు, బియ్యప్పిండి మరలో ఆడించకుండా ఇంట్లోనే పట్టుకుంటామంటోంది, గోధుమలు ఆడిన మరలో మిగిలిన పిండి కలుస్తుందని. గ్లూటెన్ లేని బ్రెడ్డు ప్యాకెట్లు మోసుకురావద్దని చెల్లెకు చెప్పు. నీకు పూరీ మీద మనసైతే చౌరస్తాలో బండి దగ్గర తిందువుగానీ, మా ఇంట్లో ఆ వారం గోధుమపిండి డబ్బా మూత కూడా తియ్యం.

నీ
రాజు