ఓనా జడ్జ్ పనిపిల్ల కాదండీ

ఎడిటర్ గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో తొలినాటి అమెరికా ఇళ్ళల్లో పనిచేసిన ఆడపిల్లల గురించి వచ్చిన వ్యాసం ఆసాంతం చదివాను, బాగుంది, కానీ ఓనా జడ్జ్‌ని ‘వాషింగ్టన్ గారింటి పనిపిల్ల’ అన్నచోట మాత్రం మనసొప్పలేదు. పనిపిల్లయితే నెల తిరిగేసరికి జీతం ఉంటుంది, గిట్టకపోతే రేపట్నుంచి రానమ్మా అని చెప్పి ఇంకో ఇల్లు చూసుకుంటుంది. ఓనాకి ఆ రెండూ లేవు. ఆమె బానిస, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తా మొదటి భర్త ఆస్తి లెక్కల్లో మనిషి.

ఓడ ఛార్జీ బదులు నాలుగు నుంచి ఏడేళ్ళు చాకిరీకి ఒప్పుకుని వచ్చిన తెల్లపిల్లలవీ కష్టాలే. యజమాని వల్ల కడుపొస్తే, గడువు తీరాక ఆ పిల్లని చర్చి పెద్దలు ఇంకో రెండేళ్ళకి అమ్మాలని వర్జీనియాలో 1662లో చట్టమే చేశారు (తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి!). అయినా వాళ్ళకి ఏదో ఒకనాటికి గడువు తీరేది.

పోయినేడు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ (అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చెప్పుకునే గంట) చూశాం. దాని పక్కనే అప్పట్లో అధ్యక్షుడిగా వాషింగ్టన్ ఉన్న ఇంటి స్థలం. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1780 నాటి చట్టం ప్రకారం బయటి యజమాని తెచ్చిన బానిస ఆరు నెలలు అక్కడే ఉంటే స్వేచ్ఛ అడగొచ్చు, అందుకని దొరగారు గడువు నిండకముందే ఏదో పని ఉన్నట్టు తన ఇంటి బానిసల్ని రాష్ట్రం దాటించి తెచ్చేవారు, ఈ సంగతి వాళ్ళకీ జనానికీ తెలియకూడదని 1791లో సెక్రటరీకి ఉత్తరం కూడా రాశారు.

తనని మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని ఓనాకి తెలిసింది. ఇంటిల్లిపాదీ వర్జీనియాలోని సొంతింటికి ప్రయాణానికి సామాన్లు సర్దుతుంటే తనూ సర్దుకుంది, మూట ముందే స్నేహితుల ఇంటికి చేరేసి, 1796 మే 21న వాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ బయటికి నడిచింది. పట్టిస్తే పది డాలర్లని పేపర్లో ప్రకటన వేశారు, పైగా ఆమె పారిపోవడానికి ఏ కారణమూ లేదట!

న్యూ హాంప్‌షైర్‌లో ఓనా వాళ్ళకి చిక్కకుండా పేదరికంలోనే బతికి 1848లో పోయింది. అప్పటికీ కాగితాల మీద బానిసే. అంతకు మూడేళ్ళ ముందు ఒక పత్రిక వాళ్ళు వెళ్ళి, పారిపోయినందుకు బాధగా లేదా అని అడిగితే లేదంది.

మీ వెబ్‌సైట్‌లో ఆ వ్యాసం ఇంకా అలాగే ఉంది. ఆ ఒక్క మాటైనా మార్చండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, విజయవాడ