పిల్లికి బేదులైతే మెడికల్ షాపుకు పరిగెత్తకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కడపలో ఎర్రముక్కపల్లి దగ్గర చిన్న మందుల షాపు. బీపీ, షుగరు, గ్యాస్ మాత్రలకు వచ్చేవాళ్ళతో పాటు ఈమధ్య ఇంకో రకం గిరాకీ పెరిగింది. "అన్నా, మా పిల్లి పొద్దున్నుంచి కక్కుతానే ఉంది, బేదులు గూడ అయితాండాయి, ఏదన్నా మాత్ర ఇయ్యి" అని వస్తారు. ఎంత బరువుంటుందమ్మా అంటే రెండు చేతులు ఎడంగా పెట్టి చూపిస్తారు. చిన్నపిల్లల సిరప్ అయినా పర్లేదు, అర మూత పోస్తాం అంటారు. నేను ఇవ్వను. ఇవ్వనంటే పక్క వీధికి పోతారు, అక్కడ ఎవరో ఒకరు ఇస్తారు. ఒక్కొక్కరికీ కౌంటరు దగ్గర నిలబెట్టి చెప్పేకన్నా మీ పత్రికలో పడితే నలుగురూ చదువుతారని రాస్తున్నాను.

ముందు పారాసిటమాల్ సంగతి. మనం మింగిన ఈ మందును మన కాలేయం విడగొట్టి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేనట్టే. అందుకని మందు విషంగా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, రక్తం ఆక్సిజన్ మోయలేదు, చిగుళ్ళు గులాబీ రంగు పోయి గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. నాలుగు కిలోల పిల్లి ప్రాణం పోవడానికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. ఎసిటైల్‌సిస్టీన్ అని విరుగుడు ఉంది గానీ అది డాక్టరు చేతుల మీదుగా, గంటల్లోనే పడాలి. ఇంతకీ ఆ మాత్ర ఎందుకు వేస్తారంటే ఒళ్ళు కాలుతోందని. పిల్లి ఒళ్ళు మామూలుగానే మనకంటే వేడి అండీ, 39 డిగ్రీల సెల్సియస్, అంటే మన థర్మామీటరు లెక్కన 102 దాకా ఉన్నా అది జ్వరం కాదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా అంతే, కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ. ఒక జీవికి మందు ఇంకో జీవికి విషం అంటే నమ్మనివాళ్ళకు రాబందుల కథ చెబుతుంటాను. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి, 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశంలో నిషేధించాల్సి వచ్చింది. బేదులు కట్టేసే మాత్రలతో ఇంకో చిక్కు. లోపల విషమో, క్రిములో ఉన్నప్పుడు పేగును ఆపేస్తే అవి అక్కడే కూర్చుంటాయి. బేదులకు వాడే మెట్రోనిడజోల్ సిరప్ చేదుకు పిల్లి నోట్లోంచి నురగలు కక్కుతుంది, అది చూసి ఫిట్స్ అనుకుని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇక కారణాలకు వస్తే, నేను మొదట అడిగేది పాలు పోశారా అని. పోశామనే చెబుతారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందన్న సామెత నిజమే, తాగుతుంది, తర్వాత ముక్కు మూసుకోవాల్సింది మనం. పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము పిల్లికూనకు తల్లిపాలు తాగినన్నాళ్ళు ఉంటుంది, పాలు మానేశాక తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులోకి నీళ్ళు లాగుతుంది, ఉబ్బరం, నీళ్ళ బేదులు. గేదె పాలయినా, ప్యాకెట్ పాలయినా, సగం నీళ్ళు కలిపినా అదే కథ. పెరుగులో లాక్టోజ్ కొంత తక్కువ కాబట్టి కొన్ని పిల్లులు ఓర్చుకుంటాయి. కానీ ఏళ్ళ తరబడి ఒట్టి పెరుగన్నం మీద పెంచితే ఇంకో ప్రమాదం ఉంది. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. అది చాలకపోతే గుండె కండరం సాగి బలహీనమవుతుందని 1987లోనే అమెరికా పరిశోధకులు తేల్చారు. చూపు కూడా పోవచ్చు. మేం శాకాహారులం అంటారు కొందరు. మీరు శాకాహారులు సరే, పిల్లి కాదు కదా.

మాంసం అన్నానని ఆదివారం కోళ్ళ అంగడి నుంచి తోలు, పేగులు, కొవ్వు కవరులో తెచ్చి గుమ్మరించడం కూడా తప్పే. మన కడప ఎండకు మధ్యాహ్నం లోపలే అది కుళ్ళుతుంది. ఒకేసారి అంత కొవ్వు తింటే కడుపు చెడుతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. పులుసులో ముక్క కడిగి పెట్టాం అంటారు, ఉల్లి, వెల్లుల్లి సారం ముక్కలోకి దిగాక కడిగితే పోతుందా? అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

దారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకామె పిల్లిని వైరు బుట్టలో పెట్టుకుని షాపుకు తెచ్చింది. రెండు రోజులుగా తిన్నదల్లా కక్కుతోంది, గడ్డం అంతా చొంగ తడి. టార్చి వేసి చూస్తే నాలుక కింద సన్నగా తెల్లటి గీత. మల్లెపూల దండ దారం, నాలుక మొదట్లో చుట్టుకుని రెండో కొస కడుపులోకి పోయింది. లాగేస్తానని ఆమె చెయ్యి పెట్టబోతే ఆపి పశువుల ఆసుపత్రికి పంపాను, ఆపరేషన్ చేసి తీశారు. దారం ఒక కొస పైన చిక్కుకుని ఉంటే పేగు దాన్ని కిందికి లాక్కోవాలని చూస్తుంది, లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగంతా దారం మీదికి ముడుచుకుంటుంది, మనం లాగామంటే దారం పేగును కోసేస్తుంది. వెనక నుంచి వేలాడుతున్నా లాగకూడదు, కత్తిరించకూడదు, అట్లాగే తీసుకుపోవాలి. కుట్టు మిషన్ దారం, గాలిపటం మాంజా, బలూన్ రిబ్బన్, మాంసం మూట కట్టిన పురికొస, ఇవన్నీ ఆటవస్తువుల్లాగే కనిపిస్తాయి వాటికి.

ఫినాయిల్ గురించి ఎవరూ అనుకోరు. దాన్నీ పిల్లి కాలేయం విడగొట్టలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అది కడుపులోకే. తుడిచాక పూర్తిగా ఆరేదాకా ఆ గదిలోకి రానీయొద్దు. ఎలుకల మందు తిన్న ఎలుకను పట్టి తిన్నా ప్రమాదమే. అప్పుడప్పుడు వెంట్రుకల ఉండ కక్కడం మటుకు మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు.

కూనల విషయం వేరు. కడుపు బానలా ఉండి, ఒళ్ళు ఎండిపోయి, మెత్తగా విరేచనం అవుతుంటే ఏలికపాములు కావచ్చు, అవి తల్లి పాల ద్వారా కూడా వస్తాయి. మలద్వారం దగ్గర ఎండిన బియ్యపు గింజల్లా కనిపిస్తే బద్దెపురుగు, అది వెంట్రుకల్లో గెంతే ఫ్లీ పురుగుల వల్ల వస్తుంది, ఆ పురుగులను వదిలేసి మందు ఒక్కటే వేస్తే మళ్ళీ మొదటికే. వీటి మాత్రలు మా దగ్గరా ఉంటాయి, కానీ బరువు చూసి డాక్టరు రాయాలి. వీటన్నిటికంటే భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు. దాని వైరస్ కుక్కల పార్వో వైరస్‌కు దగ్గరి చుట్టం. కూన హుషారుగా ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీళ్ళ గిన్నె దగ్గర తల వాల్చి కూర్చుంటుంది, తాగలేదు. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికుంటుంది. బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి, టీకా పూర్తికాని కూనను ఆ ఇంటికి తేకూడదు. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయించాలి.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? పెద్ద పిల్లి, ఒకటి రెండు సార్లు మెత్తగా వెళ్ళింది, కానీ ఆడుతోంది, తింటోంది అనుకోండి, పాలు, ఇతర చిరుతిళ్ళు ఆపి, ఎముక లేని చికెన్ ఉప్పూ కారం లేకుండా ఒట్టి నీళ్ళలో ఉడకబెట్టి కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా పెట్టండి. కొత్త ప్యాకెట్ తిండి మార్చిన మర్నాడే బేదులైతే పాతదానికి తిరిగిపోయి, తగ్గాక కొత్తది వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలపండి. లంఖణం పరమౌషధం అనేది పిల్లి దగ్గర చెల్లదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, లావు పిల్లికైతే మరీ, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. వాము నీళ్ళు, జీలకర్ర కషాయం నోరు పెగలదీసి పోస్తారు కొందరు, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఉన్న రోగం కాక ఇంకోటి.

కూనకు వాంతులు, బేదులు రెండూ ఉంటే, మలంలో రక్తం పడితే, మెడ వెనక చర్మం పట్టి వదిలితే వెంటనే వెనక్కి పోకుండా గుడారంలా నిలబడితే, చిగుళ్ళు జిగురుగా, పాలిపోయి ఉంటే ఆ రోజే తీసుకుపోండి, రేపు చూద్దాం అనొద్దు. ఇంకొకటి, మగ పిల్లి ఇసుక డబ్బాలో కూర్చుని ముక్కుతూ ఉంటే మలబద్ధకం అనుకుని ఎనీమా (మలద్వారం నుంచి ఎక్కించే మందు) అడుగుతారు. చాలాసార్లు అది మూత్రం బిగుసుకుపోవడం, ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది. పైగా మా షాపుల్లో దొరికే ఫాస్ఫేట్ ఎనీమా పిల్లికి విషంతో సమానం.

ఎక్కడికి పోవాలంటే కడపలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, ప్రొద్దుటూరులో ఏకంగా వెటర్నరీ కాలేజీ ఉంది. పోయేటప్పుడు ఏం తిన్నది, ఎన్నిసార్లు కక్కింది రాసుకుని, కక్కిందానికీ మలానికీ ఫోన్‌లో ఫొటో తీసుకుపోండి, ఏదైనా మాత్ర వేసి ఉంటే దాని స్ట్రిప్ కూడా. సిగ్గుపడాల్సిన పని లేదు, డాక్టరుకు కావాల్సింది అదే.

మీ వ్యవసాయం పేజీలో గొర్రెల చిటుకు రోగం, పారుడు రోగం, నీలి నాలుక గురించి చక్కగా రాస్తారు, ఇది గొర్రెల సీమ, రాయాల్సిందే. నెలకోసారి ఆ పేజీలో ఒక మూల పిల్లులకూ కుక్కలకూ ఇచ్చి పశువైద్యుల చేత రాయించండి. పశుసంవర్ధక శాఖ వాళ్ళకు కూడా ఒక మనవి, పెంపుడు జంతువులకు వేయకూడని మనుషుల మందుల పేర్లతో తెలుగులో ఒక పోస్టరు అచ్చు వేయించి మందుల షాపులకు ఇవ్వండి. అది వచ్చేదాకా మీరు వేసిన కాగితాన్నే కత్తిరించి నా కౌంటరు అద్దానికి అంటించుకుంటాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
ఎర్రముక్కపల్లి, కడప