మిద్దెతోటల సంఘం వార్షిక నివేదిక: 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం పెట్టుకుని ఇది నాలుగో ఏడు. ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. అంతా మిద్దె మీదే పండుతుందని నేను అనను. కానీ ఈ ఏడాది మన కాలనీలో 19 ఇళ్లు ఆకుకూర కొనకుండా గడిపాయి. తోటకూర చల్లిన నెలలోపే కోతకు వస్తుంది. బచ్చలి తీగ ఒక్కటి పాకితే పక్కింటికీ సరిపోతుంది. అప్పుడే కోసి పొయ్యి మీదికెక్కించిన గోంగూర తిన్నవాళ్లకు బజారు కట్ట ఆనదు.

మృగశిర కార్తెకు 43 ఇళ్లకు నాటు విత్తనాలు పంచాం. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, వేపపిండి కలిపి సంచులకెత్తడానికి 12 మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు అరవై దాటినవాళ్లు. పేర్లు రాయను గానీ, రానివాళ్లు కనీసం ముందురోజు ఫోన్ చేసి చెప్పి ఉంటే బాగుండేది. మట్టి పని ఎవరికీ సరదా కాదు. తడి మట్టి ఘనపుటడుగు 45 కిలోలు దాటుతుంది కాబట్టి టబ్బులన్నీ బీముల వెంటే పెట్టించాం. ఈ వానాకాలం ఒక్క ఇంట్లోనూ స్లాబు కారలేదు.

ఆగస్టులో చాలామంది బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని టెన్షన్ పడ్డారు. అది తెగులు కాదు. మూడో అంతస్తు మీదికి తేనెటీగలు సరిగా రాక పుప్పొడి అందలేదంతే. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి మూడు సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి, మగ పువ్వు తుంచి పిందె ఉన్న ఆడ పువ్వు మీద ఎలా అద్దాలో చూపించాం. ఆ తర్వాత కాయ నిలబడింది.

ఇక నవంబరు 17 గురించి ఎంత చెప్పినా తక్కువే. కార్తీక వనభోజనాలు ప్రతి ఏడూ చేస్తాం. ఈసారి మాత్రం కూరగాయ ఒక్కటి కూడా కొనకూడదని పట్టుబట్టాం. ముందురోజు సాయంత్రం 31 ఇళ్ల నుంచి బుట్టలు వచ్చాయి. వంకాయలు ఏడు కిలోలు తూగాయి. గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, కాకరకాయ కూర, సొరకాయ పులుసు, బీరపొట్టు పచ్చడి, చుక్కకూర పప్పు వండాం. పార్కులోని ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేశాం. కాకరకాయంటే ఆమడ దూరం పారిపోయే పిల్లవాడు "ఇది మా తీగదే" అంటూ రెండుసార్లు వేయించుకున్నాడు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. వంటకు నిలబడ్డ అక్కలకు, గిన్నెలు తోమిన కుర్రాళ్లకు, విస్తరాకులు తెప్పించిన కోశాధికారి గారికి, బుట్టలు మోసిన వాచ్‌మన్ దంపతులకు సంఘం రుణపడి ఉంది.

పార్కులో రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా కంపోస్టుకు మాకివ్వమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు, మనిషి రాలేదు. జనవరిలో మళ్లీ తగలబెట్టారు. ఏడాది ఎరువు అలా పొగైపోతుంటే చూడలేకపోయాం. నాలుగో అర్జీ సిద్ధంగా ఉంది, సభ తర్వాత అందరూ సంతకం చేయాలి.

జమ 38,600, ఖర్చు 35,450, మిగులు 3,150 రూపాయలు. వివరాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

చివరగా విత్తనాల మాట. జూన్‌లో తీసుకున్నవాళ్లు పంట చివర గుప్పెడు గింజ తిరిగివ్వాలన్నది మన నియమం. 43 మందిలో ఇచ్చింది 17 మంది. బెండ, బీర తీగ మీదో చెట్టు మీదో ఎండనివ్వాలి. వంకాయ పసుపు పచ్చగా పండాక గింజ తీయాలి. టమాటా గుజ్జును రెండు రోజులు పులియనిచ్చి కడిగి ఆరబెట్టాలి. హైబ్రిడ్ గింజ దయచేసి ఇవ్వకండి, అది తల్లిచెట్టులా కాయదు. మిగిలిన 26 మంది మే 31లోగా కవరు మీద రకం పేరు రాసి మా ఇంట్లో ఇవ్వండి. జూన్ 8న మృగశిర ప్రవేశం, ఈసారి పంచాల్సిన ఇళ్లు 50 దాటాయి.

ఇట్లు,
కార్యదర్శి