బడి చెత్త ఎటు పోతోందో పిల్లల్ని చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో మా విశాఖలో బడిపిల్లలు ర్యాలీ తీస్తున్నారు, ప్రతిజ్ఞ చేస్తున్నారు, ఒక్కోసారి బీచ్‌కి వెళ్లి ప్లాస్టిక్ ఏరుతున్నారు. అది వద్దని నేను అనను. మా అమ్మాయి ఏడో తరగతి, తనూ ఇష్టంగానే వెళ్తుంది. కానీ అంత చెత్త ఇసుకలోకి ఎలా వచ్చింది, మీరు ఏరిన సంచులు తర్వాత ఎటు పోయాయి అని అడిగితే చెప్పలేకపోయింది, ఎందుకంటే ఆ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పలేదు. అసలు చదువంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది కదా. దాన్ని వదిలేసి వంగి ఏరడం ఒక్కటే నేర్పుతున్నాం.

2020 జాతీయ విద్యా విధానంలో ప్రపంచ పౌరసత్వ విద్య గురించి, అంటే మన ఊరి పనులకీ ప్రపంచానికీ ఉన్న సంబంధాన్ని, అందులో మన బాధ్యతని పిల్లలకి నేర్పడం గురించి రాశారు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోనూ అది ఉంది. పేరు పెద్దది కాబట్టి దానికేదో పెద్ద ఏర్పాటు కావాలనుకుంటాం, చివరికి ఒక వ్యాసరచన పోటీ పెట్టి ఊరుకుంటాం. విశాఖలో ఆ పాఠం చెప్పడానికి బడి వెనక గోడ దాకా వెళ్తే చాలు. గట్టి వాన పడితే అక్కడి కవర్లు కాలవలోకి, కాలవలోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి బంగాళాఖాతంలోకి పోతాయి. ఏటా సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వైపు గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎంతో దూరం ఈదుకుంటూ వచ్చేది ఆ నీళ్లలోంచే. ఇంకోవైపు ప్లాస్టిక్ కాలుష్యం మీద ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో ప్రపంచ దేశాలు కూర్చుని, ఏదీ తేలకుండానే లేచిపోయాయి. ఈ మొత్తం ఒకే కథ అని ఏడో తరగతి పిల్లకి బాగానే అర్థమవుతుంది, చెప్పేవాళ్లుంటే.

మాకు దగ్గర్లోని ఒక బడి వెనక నేను చూసింది రాస్తున్నాను. బడి వదిలాక ఆయమ్మ ఆకులు, చిత్తుకాగితాలు, చిక్కీ రేపర్లు, చిప్స్ ప్యాకెట్లు అన్నీ ఒకే కుప్ప చేసి నిప్పు పెట్టింది. ఆకులు నిమిషాల్లో బూడిదయ్యాయి. రేపర్లు మాత్రం ముడుచుకుపోయి, నల్లటి ఉండలు కట్టి, లోపలి వెండి రంగు పొర మెరుస్తూ అలాగే మిగిలిపోయాయి. పొగ అక్కడే కబడ్డీ ఆడుకుంటున్న పిల్లల మీదికి పోయింది. ఆమెని అనడానికేం లేదు, ఆ సందులోకి చెత్త బండి సరిగ్గా రాదు, ఇంకేం చేయాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. కానీ ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది.

ఆ చిక్కీ సంగతే తీసుకోండి. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు ఇస్తారు, మంచి తిండి, ఇవ్వాల్సిందే. ఒక్కోటి విడిగా రేపర్‌లో వస్తుంది. 300 మంది ఉన్న బడిలో వారానికి 900 రేపర్లు. ఈ లెక్క పిల్లల చేత బోర్డు మీద వేయించండి, రేపర్లు పోగుచేసి తూకం వేయించండి. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి అతికించిన ఇలాంటి ప్యాకెట్లని విడదీయడం కష్టం, అందుకే పాత సామాన్లవాళ్లు సీసాలు పట్టుకెళ్తారు గానీ వీటిని ముట్టుకోరు. శుభ్రత కోసమే విడివిడిగా చుడుతున్నారని నాకూ తెలుసు. అయినా పెద్ద ప్యాక్‌లో తెప్పించి గ్లౌజులతో పంచే వీలుందా అని పిల్లలే విద్యాశాఖకి ఉత్తరం రాయొచ్చు. చిప్స్ కంపెనీలకీ రాయొచ్చు, తమ ప్యాకెట్ల చెత్తకి కంపెనీలే బాధ్యత వహించాలని 2016 ప్లాస్టిక్ నిబంధనలు చెబుతున్నాయి. కింద పడ్డది ఏరడంతో సరిపెట్టకుండా, ఇది ఇక్కడికి ఎందుకొచ్చింది అని పంపినవాళ్లని అడగడం పిల్లలకి రావాలి.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్పాలి. చాలా బళ్లలో చీపురు పట్టడం శిక్ష. హోంవర్క్ చేయనివాడికి, ఆలస్యంగా వచ్చినవాడికి, ఇంకా బాధాకరంగా కొన్ని కులాల పిల్లలకి, పేద పిల్లలకి ఆ పని అంటగడతారు. జపాన్‌లో పిల్లలందరూ తమ తరగతి గదులు వంతులవారీగా తుడుచుకుంటారు, అక్కడది శిక్ష కాదు. మన దగ్గర కూడా వంతు అంటే అందరికీ వంతు ఉండాలి, ఆడపిల్లలకే ఊడ్చే పని, మగపిల్లలకి బెంచీలు జరిపే పని అనే పంపకం పోవాలి. మరుగుదొడ్లు మాత్రం పిల్లల చేత కడిగించకూడదు, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి.

జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంటోంది. అందులో ఒక్క రోజు చెత్త బండి వెనకాలే వెళ్లనివ్వండి. తడి, పొడి చెత్త ఎక్కడ వేరవుతుందో, కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి ఏం చేరుతుందో చూసి, పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడి రమ్మనండి. వచ్చే విద్యాసంవత్సరం క్యాలెండర్‌లోనే ఆ రోజుని పెట్టాలని జిల్లా విద్యాశాఖని, మా నగరపాలక సంస్థ జీవీఎంసీని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మాస్కులు, గ్లౌజులు, బస్సు ఖర్చు సమస్యైతే మాతో చెప్పండి, తల్లిదండ్రులం తలా కొంత వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి, విశాఖపట్నం