అట్ట తిప్పే ముందు

ఒరే శీనూ,

ఆరో తరగతి పిల్లలతో మెరుపు అట్టలు (ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసే ఫ్లాష్ కార్డులు) చేయించాలనుకుంటున్నానని, ఏ అట్ట కొనాలో చెప్పమని మెసేజ్ పెట్టావు కదా. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొట్టి వదిలేసే సంగతి కాదు నాకిది. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

అట్ట సంగతి ముందు తేల్చేస్తాను. ఏమీ కొనకు. ఇళ్ళలో పడున్న పాత శుభలేఖలు తెమ్మని పిల్లలకి చెప్పు. అచ్చు ఉన్న వైపు లోపలికి వచ్చేలా రెండేసి అతికించి ముక్కలుగా కోస్తే రెండు వైపులా తెల్లగా, గట్టిగా ఉంటాయి. స్కెచ్ పెన్నుతో రాసినా వెనక్కి కనిపించదు. రాయడం మాత్రం పిల్లల చేతే రాయించు. దస్తూరీ వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. మన బడుల్లో ఈ అట్టలకి కొదవ లేదు. టీఎల్ఎం మేళా (బోధనోపకరణాల ప్రదర్శన) కోసం ముచ్చటగా చేసినవి బీరువాలో ఉంటాయి. బయటికి తీసినప్పుడు కూడా ఏం జరుగుతుంది? టీచరు ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తాడు, తరగతంతా ఒక్కసారిగా అరుస్తుంది. ముందు బెంచీలో ముగ్గురు చెబుతారు, మిగతావాళ్ళు వాళ్ళ గొంతుని పట్టుకుని అనేస్తారు. చూసేవాళ్ళకి అందరికీ వచ్చినట్టే ఉంటుంది. వెనక కూర్చున్న పిల్లకి ఏమీ అందదు. నాకు ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అట్ట చూసినందువల్ల చదువు రాదురా. వెనక ఏముందో గుర్తు తెచ్చుకోవడానికి పిల్లాడు తన్నుకులాడే ఆ రెండు మూడు క్షణాలుంటాయే, పని చేసేది అదే. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక పాఠాన్ని కొందరు విద్యార్థుల చేత మళ్ళీ మళ్ళీ చదివించారు. ఇంకొందరి చేత ఒకసారి చదివించి, తర్వాత కాగితం చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది: చదివినవాళ్ళకి గుర్తున్నది 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకి 61. మనం పాఠం చెప్పిన వెంటనే ‘అర్థమైందా?’ అని అడిగి, ‘అయింది సార్’ అనగానే సంతోషించడం ఎంత మోసమో చూడు.

ఎక్కాల విషయంలో నీకే తెలుస్తుంది. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి ఆపి ‘ఏడెనిమిదులెంత?’ అని అడుగు. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి వేళ్ళు మడుచుకుంటూ వస్తాడు. వాడికి వచ్చింది పాట, లెక్క కాదు. అట్టలు కలిపేసి ఇస్తే పాట మధ్యలోంచి ఒక్క ముక్కే వస్తుంది, వెనకాముందూ ఆసరా ఉండదు. మొత్తం ఎక్కాలు రాయించక్కర్లేదు కూడా. ఆరు ఏడులు, ఏడెనిమిదులు, ఎనిమిది తొమ్మిదులు లాంటి తడబడే చోట్లు కొన్నే ఉంటాయి, వాటికి చేయించు చాలు.

ఇద్దరిద్దర్ని జంటగా కూర్చోబెట్టు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. జవాబు చెప్పే దాకా అట్ట తిప్పకూడదు, తప్పైనా సరే ఏదో ఒకటి చెప్పాల్సిందే. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం గట్టిగా ఉండు. పిల్లలు ఓ మూల నుంచి తొంగి చూసేస్తారు!

ఇంకోటి. ‘ఇది వచ్చేసింది’ అని అట్టని పక్కన పడేయనివ్వకు. ఆ రోడిగర్, కార్పికిలే 2008లో 40 స్వాహిలి మాటలకి అర్థాలు నేర్పించి చూశారు. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటని మళ్ళీ అడగడం మానేస్తే, వారం తర్వాత గుర్తున్నది మూడో వంతు. అడుగుతూనే ఉంటే 80 శాతం. అలాగని అన్నీ రోజూ అడగాలంటే పీరియడ్ చాలదు. దానికి సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో ఒక పెట్టె చెప్పాడు. మనకి చెప్పుల డబ్బా చాలు, లోపల అట్టముక్కలతో అరలు పెట్టు. కొత్తవన్నీ మొదటి అరలో. సరిగ్గా చెబితే తర్వాతి అరకి వెళ్తుంది, తప్పితే ఎక్కడున్నా మొదటి అరకి వచ్చేస్తుంది. మొదటి అర రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి తీస్తే సరి. ఎవరి డబ్బా వాళ్ళది కాబట్టి ఎవరికి ఏది రావడం లేదో నీకు మొదటి అర చూస్తేనే తెలిసిపోతుంది. మార్కుల రిజిస్టరు కంటే నేను దాన్నే నమ్ముతాను.

తెలుగు ఇంకా తడుముకునేవాళ్ళు నీ క్లాసులోనూ ఉంటారు. వాళ్ళకి మ, య ఒకచోట, ద, ధ, థ ఒకచోట కలిపి ఇవ్వు. విడివిడిగా చూపిస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాయి, పక్కపక్కన పెడితేనే తేడా పట్టుకుంటారు. అయితే అక్షరాల దగ్గరే ఆగిపోకు. ఆ అక్షరం ఉన్న మాట, ఆ మాట ఉన్న వాక్యం చదివించకపోతే అట్టలు వచ్చు గానీ పుస్తకం రాదు.

పై తరగతుల సైన్సుకి కూడా వాడతానన్నావు. సోడియానికి గుర్తు ఎన్ఏ, పొటాషియానికి కె, ఇలాంటివి అట్టలకి బాగా కుదురుతాయి. వాటితో పాటు ‘సోడియాన్ని కిరోసిన్‌లో ఎందుకు ఉంచుతారు?’ అని కూడా రాయించు. గాలితో, నీళ్ళతో దాని గొడవేమిటో పిల్లలు తమ మాటల్లో చెప్పాలి. పాఠం అర్థం కాకముందే అట్టలు చేతికిస్తే అది బట్టీకే మరో దారి అవుతుంది, అది మాత్రం వద్దురా.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఈసారి వచ్చేలోపు ఒక్క ఎక్కాల డబ్బాతో మొదలుపెట్టు. మీ పిల్లలు ఎక్కడ ఎక్కువ తడబడుతున్నారో రాసి పంపితే, ఏవేవి రాయించాలో కలిసి చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు. దసరా సెలవులకి తప్పకుండా రా, ఒకటి రెండు డబ్బాలు పట్టుకురా.

నీ
రాంబాబు