అరిస్టాటిల్ అనని మాటను ఆయన నోట పెట్టకండి

సంపాదకుడు గారికి,

బధిరుల వారోత్సవం సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని రెండు ఆదివారాలు చూశాను. రాశిఫలాల్లో తుల, వృశ్చికం తారుమారైతే మర్నాడే క్షమాపణ వేసిన పత్రిక కాబట్టి ఆశ పెట్టుకున్నాను.

ఆ వ్యాసంలో పెట్టె కట్టి మరీ వేసిన మాట ఇది: గ్రీకులో 'కోఫోస్' అంటే 'చెవిటి, మందబుద్ధి' అట, పుట్టు చెవిటివాళ్ళంతా మందబుద్ధులేనని ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తేల్చేశాడట. రెండూ తప్పే.

జంతువుల గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథంలో, నాలుగో భాగం తొమ్మిదో అధ్యాయంలో ఉన్నది వేరు. పుట్టుకతో కోఫోస్ అయినవాళ్ళంతా 'ఎనెయోస్' కూడా అవుతారన్నాడు. ఎనెయోస్ అంటే ఏమిటో ఆ వెంటనే తానే విప్పి చెప్పాడు: వాళ్ళకు గొంతు పెగులుతుంది గానీ పలుకు రాదు. అంటే మూగ. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'డెఫ్ అండ్ డంబ్' చేశారు. డంబ్ అనే మాటకు మూగ అన్నది అసలు అర్థం, తెలివితక్కువ అన్నది తర్వాత అంటుకున్నది. మీ అనువాదకులకు నిఘంటువులో ఆ రెండోదే కనబడింది. గ్రీకు రాలేదని ఎవరూ తప్పు పట్టరు. ఎనెయోస్ కూడా గ్రీకులో కొన్నిచోట్ల తెలివితక్కువవాడి మీదికి పోయిన మాట నిజమే. కానీ పక్క వాక్యంలోనే గొంతు గురించీ పలుకు గురించీ చెబుతుంటే బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అరిస్టాటిల్‌ను వెనకేసుకు రావడం లేదు. ఇంద్రియాల మీద రాసిన చిన్న గ్రంథంలో పుట్టుగుడ్డివాళ్ళు చెవిటి, మూగవాళ్ళకంటే తెలివైనవాళ్ళని ఆయనే అన్నాడు. చదువు మాటతో వస్తుంది, మాట చెవితో వస్తుంది అన్నది ఆయన లెక్క. ఆ తప్పు ఆయన ఖాతాలో వేయండి, అభ్యంతరం లేదు. అయితే ఆయన గురువు ప్లేటో 'క్రాటిలస్' అనే సంభాషణ గ్రంథంలో సోక్రటీస్ చేత చెప్పించినది కూడా వేయాలి కదా: మనకు గొంతూ నాలుకా లేకపోతే, మూగవాళ్ళలాగా చేతులతో, తలతో, ఒంటితో చెప్పుకోమా అని. సైగల భాష గురించి అరపేజీ రాసిన వ్యాసంలో ఈ ముక్కకు చోటు చాలలేదు.

ఇక కోఫోస్. తెలుగువాడికి ఈ మాట చిటికెలో అర్థమవాలి, ఎందుకంటే మనకు 'మొద్దు' ఉంది. కత్తి మొద్దుబారుతుంది, చెయ్యి మొద్దుబారుతుంది. ట్రాయ్ యుద్ధం మీది గ్రీకు ఇతిహాసం ఇలియడ్ పదకొండో భాగంలో ట్రాయ్ రాకుమారుడు పారిస్ వేసిన బాణం గ్రీకు వీరుడు డయోమెడీజ్ కుడిపాదంలోంచి దూసుకుపోయి నేలలో దిగుతుంది. పిరికివాడి బాణం 'కోఫోస్' అని డయోమెడీజ్ వెక్కిరిస్తాడు. అక్కడ మొద్దు బాణం. పద్నాలుగో భాగంలో గాలి ఇంకా ఒకవైపు తిరగక ముందు సముద్రం 'కోఫోస్' అలతో ఉబ్బుతుంది. అక్కడ చప్పుడు లేని అల. ఇరవైనాలుగులో ట్రాయ్ వీరుడు హెక్టర్ శవాన్ని ఈడ్చే గ్రీకు యోధుడు అకిలీజ్ 'కోఫోస్' మట్టిని అవమానిస్తున్నాడని అపోలో దేవుడు అంటాడు. ఉలుకూ పలుకూ లేని మట్టి. పదును పోయింది, చప్పుడు పోయింది, పలుకు పోయింది, వినికిడి పోయింది: అన్నిటికీ ఒకటే మాట. మందబుద్ధికి కూడా వాడారు, కానీ అది మూలార్థం కాదు.

మరి ఎక్కడ చెవిటి, ఎక్కడ మూగ? పక్కనున్న క్రియ చూడాలి, అంతే. మత్తయి సువార్త 9వ అధ్యాయంలో దయ్యం వదలగానే కోఫోస్ 'మాట్లాడాడు', కాబట్టి మన తెలుగు బైబిలు మూగవాడంది. 11వ అధ్యాయంలో కోఫోస్‌లు 'వింటున్నారు', కాబట్టి చెవిటివారంది. అదే గ్రీకు మాట, అదే సువార్త, రెండు తెలుగు మాటలు, రెండూ సరైనవే. కంప్యూటర్లు లేని రోజుల్లో కూర్చుని చేసిన పని అది.

క్రియ చూడకపోతే ఏమవుతుందో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ గ్రంథం మొదటి భాగంలో ఉంది. లిడియా రాజు క్రీసస్ కొడుకు కోఫోస్. మీ వ్యాసం అతన్ని 'చెవిటి యువరాజు' అంది. లిడియా రాజధాని సార్డిస్ కోట పడిన రోజు పర్షియా సైనికుడొకడు తండ్రి మీదికి కత్తి ఎత్తితే, ఆ కొడుకే 'ఓయ్, క్రీసస్‌ను చంపకు' అని అరుస్తాడు. పుట్టు చెవుడు ఉన్నవాడికి ఆ వాక్యం ఎలా వచ్చింది? అక్కడ హెరొడోటస్ అతన్ని గొంతు లేనివాడనే అంటాడు. డెల్ఫీ గుడిలోని దేవవాణి కూడా 'కోఫోస్‌ను గ్రహిస్తాను, మాటలాడనివాణ్ణి వింటాను' అంటుంది. మూగ అంటేనే ఆ రెండు సగాలూ అతుకుతాయి. ఒక్కచోట మాత్రం వినికిడి చెడినవాడని ఉంది. ఆ పదాలు తర్వాత ఎవరో చేర్చారని పాత గ్రంథాల పాఠం సరిచూసే కొందరు పరిష్కర్తల అనుమానం. ఇలాంటిచోట 'మూగ' అని వేసి కింద ఒక్క వరస వివరణ ఇస్తే సరిపోయేది.

రెండువేల ఏళ్ళ కిందటి సంగతికి ఇంత గొడవ ఎందుకంటారా? చెవిటినీ మూగనూ ఒకే గాటన కట్టే అలవాటు ఇంకా పోలేదు. సంస్కృతంలో 'ఏడమూక' అని ముడివేసిన మాట ఉండనే ఉంది, దరఖాస్తుల్లో 'చెవిటి-మూగ' గడి కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాత్రం విడదీసింది. మాట వినిపించే పౌనఃపున్యాల్లో రెండు చెవులకూ 70 డెసిబెల్స్ లోటుంటే బధిరత్వం, 60 నుంచి 70 అయితే మందవినికిడి. మాట లోపం వేరే పద్దు: స్వరపేటిక తీసేసినవాళ్ళు, మెదడు దెబ్బతిని పలుకు పోయినవాళ్ళు అందులోకి వస్తారు. చెవుడున్న పిల్లల్లో చాలామందికి స్వరతంత్రులు నిక్షేపంగా ఉంటాయి. ఆ గడి తయారుచేసిన అధికారి చట్టం చదివినట్టు లేడు. చదవమని చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే అని రాయబోయి ఆగాను. ఆ సామెత మీ సంపాదకీయంలో ఈ నెలలోనే రెండుసార్లు వచ్చింది, అందులో ఒకటి వారోత్సవం మొదలైన రోజున.

సవరణ వేస్తే ఇలా వేయండి: 'కోఫోస్ అంటే సందర్భాన్ని బట్టి చెవిటి లేక మూగ. పుట్టు చెవిటివాళ్ళు మాట నేర్వలేరని అరిస్టాటిల్ అన్నాడు. అందరూ మందబుద్ధులని అనలేదు.' పెట్టె అక్కర్లేదు, రాశిఫలాల కింద ఖాళీ ఉంటే అక్కడైనా సరే.

— ఒక పాత చందాదారు, గుంటూరు