వెండి ఫోమ్ కన్నా ముందు పాదం చూసేవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పుండ్లకు వాడే, వెండి కలిపిన యాంటీబ్యాక్టీరియల్ ఫోమ్ కట్ల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కట్టు గురించి పత్రికలో అంత వివరంగా రాయడం సంతోషం. నేను ప్రభుత్వాసుపత్రి సర్జికల్ వార్డులో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి కట్లు కడుతున్నాను. నా దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ షుగర్ పుండ్లే. వ్యాసం వచ్చాక వెండి కలిపిన ఫోమ్ కావాలని అడిగేవాళ్లు పెరిగారు. అందుకే ఈ ఉత్తరం.

ఫోమ్ మంచిదే, అందులో అనుమానం లేదు. పాలీయురెథేన్‌తో చేసిన ఆ మెత్తటి బిళ్ల పుండులో ఊరే రసిని పీల్చుకుంటుంది, పుండుకి కావలసినంత తడిని మాత్రం ఉంచుతుంది. అదే గాజుగుడ్డ అయితే ఎండి అతుక్కుపోతుంది. లాగినప్పుడల్లా కొత్తగా పుట్టిన ఎర్రటి కండ దాంతోపాటే ఊడి వచ్చి రక్తం కారుతుంది. "పుండు ఆరాలమ్మా, గాలి తగలనివ్వు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. కానీ గాలికి ఆరిన గాయం కన్నా తడి నిలిచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంటుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లోనే పందుల మీద చేసిన పరిశోధనలో చూపించారు.

ఇక వెండి సంగతి. దాని నుంచి వెలువడే సూక్ష్మ కణాలు (అయాన్లు) పుండు పైపొరలోనూ ఫోమ్ పీల్చుకున్న రసిలోనూ ఉన్న క్రిములను చంపుతాయి. లోపలి కండలోకో ఎముకలోకో పాకిన ఇన్ఫెక్షన్‌ను అవి ఏమీ చేయలేవు. దానికి డాక్టరు రాసిన యాంటీబయోటిక్ కావాలి, కుళ్లిన కండను కోసి తీసేయాలి. షుగర్ పుండు మానడం కోసమని యాంటిసెప్టిక్, యాంటీబ్యాక్టీరియల్ కట్లు వాడవద్దని షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం (ఇంటర్నేషనల్ వర్కింగ్ గ్రూప్ ఆన్ ద డయాబెటిక్ ఫుట్) 2023 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉన్న ఇతర పుండ్లకు వెండి వాడినా రెండు వారాలకు ఆగి, పుండును మళ్లీ పరీక్షించి, మార్పు లేకపోతే దారి మార్చుకోవాలని 2012లోనే నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు. మా ఊళ్లో నెలల తరబడి అదే అతికిస్తున్న ఇళ్లు నాకు తెలుసు. ఒక్కో బిళ్లకు వందల్లో ఖర్చు.

రొయ్యల చెరువు మీద పనిచేసే ఒకాయన గురించి చెబుతాను. బొటనవేలి మొదట్లో అరికాలికి ఆనెకాయ కాసి, దాని కింద పుండు పడింది. కాలికి స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియలేదు. భార్య మందుల షాపుకి వెళ్లి అడిగితే వెండి ఫోమ్ ఇచ్చి, వారం దాకా విప్పక్కర్లేదని చెప్పారట. ఆయన ఆ మందపాటి కట్టు మీదే బిగుతు రబ్బరు చెప్పు తొడుక్కుని రోజూ గట్టు మీద నడిచాడు. "అంత ఖరీదైన మందు వేశాం కదా సిస్టరమ్మా, ఇంకా మానదేంటి?" అని ఆమె అడిగింది. విప్పి చూస్తే చుట్టూ చర్మం నాని తెల్లబడిపోయి ఉంది, వాసన వస్తోంది, పాదం వాచి వేడిగా ఉంది. జ్వరం మాత్రం లేదు. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అలా జ్వరం రాదు, ఇంట్లోవాళ్లు మోసపోయేది అక్కడే. సర్జన్ దగ్గరికి పంపితే సన్నటి కడ్డీతో తాకి చూశారు, ఎముక తగిలింది. వేలు తీసేయక తప్పలేదు.

ఆయనకు కావలసింది ఆ ఆనెకాయను చెక్కి తీసేవాళ్లు, పుండు మీద బరువు పడకుండా చూసేవాళ్లు. మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులో, పాదానికీ పిక్కకీ అంటిపెట్టుకునేలా వేసే ప్రత్యేకమైన పిండికట్టో, అదీ కుదరకపోతే కొన్నాళ్లు చెరువు పని మానడమో. చివరిది చెప్పడం నాకూ కష్టమే, రోజు కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. అయినా రోజూ దాని మీదే నడుస్తుంటే పుండు ఏ కట్టుకీ మానదు.

ఫోమ్ కొన్నవాళ్లకు రెండు మూడు జాగ్రత్తలు. ఎండి నల్లగా మాడిన పుండుకి ఫోమ్ పనికిరాదు, దాని పని రసి పీల్చడం. అలా నల్లబడితే కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో ముందు డాక్టరుకి చూపించాలి. ఫోమ్ వేసేముందు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి. అది కొత్త కండనూ కాలుస్తుంది, ఫోమ్‌నూ పాడుచేస్తుంది. సెలైన్‌తో కడిగితే చాలు. వారం అన్నది గరిష్ఠ గడువు. తడి మరక అంచు దగ్గరికి వస్తే అప్పుడే మార్చాలి, ఇన్ఫెక్షన్ ఉన్న పుండును ఇంకా ముందే విప్పి చూడాలి.

ఇక ప్రభుత్వానికి నా విన్నపం. కాలు తీసే దాకా వస్తే ఆపరేషన్‌కి ప్రభుత్వ పథకం ఆసరా ఉంది. ఆ దశ రాకుండా ఆపే కట్టుకి మాత్రం మా దగ్గర ప్రతి కుటుంబమూ జేబులోంచే పెట్టుకుంటోంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. పీహెచ్‌సీలో వేలు గుచ్చి షుగర్ చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు, సంతోషం. చెప్పులు విప్పించి పాదాలు కూడా చూడాలి. స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు, ఏఎన్‌ఎంలకు ఒక్క పూటలో నేర్పవచ్చు. వెండి లేని మామూలు ఫోమ్, సెలైన్, బ్యాండేజీ పీహెచ్‌సీలో ఉచితంగా ఉంచాలి. వారానికి ఒక రోజు పాదాల కోసం కేటాయించాలి. వెండి ఎవరికి అవసరమో ఆ రోజు పుండు చూసిన డాక్టరే చెబుతారు.

మా మండలంలో అలాంటి రోజు పెడితే కట్లు కట్టడానికీ, ఏఎన్‌ఎంలకు నేర్పడానికీ జీతం లేకుండా నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా